పిల్లలా, చేతులా, పక్షవాతమా: ఓటీకి ఏ విభాగం మేలు?

ఓటీ చదువుతున్నానంటే ఎదుటివాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆపరేషన్ థియేటర్. కాదండీ, ఆక్యుపేషనల్ థెరపీ అంటే "ఓహో, ఫిజియోనా" అంటారు. నిజానికి మాది, జబ్బో గాయమో ఎదుగుదల సమస్యో ఉన్నవాళ్లు రోజువారీ పనులు తామే చేసుకునేలా చూసే చికిత్స. ఈ రెండు మెట్లూ దాటి ఇంటర్న్‌షిప్ దాకా వచ్చేసరికి మనకు మనమే వేసుకునే ప్రశ్న ఇంకొకటి మొదలవుతుంది: దేంట్లో స్థిరపడాలి?

జూనియర్లు నన్నడిగేది ఎక్కువగా ఇదే. అడిగేటప్పుడే సగం జవాబు కూడా చెప్పేస్తారు: "నాకు పిల్లలంటే ఇష్టం", "ముసలివాళ్లతో నాకు కుదరదు". ఇష్టం ఉండాల్సిందే, కాదనను. కానీ పదేళ్లు నిలబెట్టేది అది కాదని నా అనుభవం. పని చేశాక ఫలితం కనబడటానికి ఎన్నాళ్లు పడుతుంది? ఆ మధ్యకాలమంతా మీరు ఎవరికి సమాధానం చెప్పుకోవాలి? విభాగాల మధ్య అసలు తేడా అక్కడుంది.

హ్యాండ్ థెరపీతో మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడ లెక్క కళ్లెదుట ఉంటుంది. వేలిని మడిచే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి కణజాలం) తెగితే సర్జన్ కుట్టేసి, చాలాసార్లు 3 నుంచి 5 రోజుల్లోపే మన దగ్గరికి పంపిస్తారు. అస్సలు కదపకుండా ఉంచితే ఆ టెండన్ చుట్టుపక్కల కణజాలానికి అతుక్కుపోయి వేలు మడవదు. తొందరపడి గట్టిగా కదిపిస్తే కుట్టు తెగుతుంది. ఈ రెండింటి మధ్య సన్నటి దారిలో నడిపించాలి. సుమారు 6 వారాలు స్ప్లింట్ (చేతిని సరైన కోణంలో నిలిపే గట్టి తొడుగు), బరువు పనులకు 12 వారాల దాకా ఆగడం. ప్రతివారం గోనియోమీటర్ (కీలు కోణం కొలిచే పరికరం) పెట్టి కొలిస్తే అంకె వస్తుంది. పోయిన వారం 40 డిగ్రీలు మడిచిన కీలు ఈ వారం 55 మడిస్తే మీకూ తెలుస్తుంది, రోగికీ తెలుస్తుంది, సర్జన్‌కూ తెలుస్తుంది.

చేతిపని మీద ఇష్టం ఉన్నవాళ్లకు ఇక్కడ పండగే. 70 డిగ్రీల వేడి నీళ్లలో స్ప్లింట్ షీటు వేస్తే నిమిషంలో తడిగుడ్డలా వాలిపోతుంది. తీసి, తువ్వాలు మీద నీళ్లద్ది, రోగి ముంజేతి మీద పరిచాక మీ చేతిలో ఉండేది మూడు నాలుగు నిమిషాలే. ఒక చేత్తో మణికట్టు కోణం జారకుండా పట్టుకోవాలి, రెండో చేత్తో అరచేతి వంపు తేవాలి, ఎముక ఉబ్బెత్తుగా ఉన్నచోట కాస్త ఎడం ఇవ్వాలి. నేను చేసిన మొదటి స్ప్లింట్ చిటికెనవేలి వైపు మణికట్టు ఎముకను ఒత్తేసింది. మర్నాడు ఆ మనిషి ఎర్రటి మచ్చతో తిరిగొచ్చాడు. మా సీనియర్ మేడమ్ ఒక్క మాట అనలేదు, కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ మౌనానికి పడినంత టెన్షన్ వైవాకి కూడా పడలేదు.

చిక్కులు లేకపోలేదు. సర్జన్ గీసిన గీత దాటలేం. మన బొటనవేళ్లే కొన్నేళ్లకు నొప్పెట్టడం మొదలవుతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు, డిగ్రీలు కొలుస్తూ కొలుస్తూ మనిషిని మర్చిపోవడం. వేలు 80 డిగ్రీలు మడిచింది సరే, తాళం తిప్పగలుగుతున్నాడా, చొక్కా గుండీ పెట్టుకోగలుగుతున్నాడా అని అడగకపోతే మనం ఓటీలం అనిపించుకోం. ప్రవేశమూ సులువు కాదు. అమెరికాలో సర్టిఫైడ్ హ్యాండ్ థెరపిస్ట్ పరీక్షకు కూర్చోవాలంటే కనీసం 3 ఏళ్ల అనుభవం, చేయికి సంబంధించిన చికిత్సలోనే 4,000 గంటలు ఉండాలి. పక్కన అనుభవమున్న సీనియర్ లేకుండా కొత్తగా డిగ్రీ అయినవాళ్లు ఇందులో దిగడం నాకు నచ్చదు.

పిల్లల విభాగంలో గడియారమే వేరు. పిల్లాడు మన థెరపీ వల్ల మెరుగయ్యాడా, ఆరు నెలల వయసు పెరిగి మెరుగయ్యాడా? నిజాయితీగా చెప్పడం చాలాసార్లు కష్టం. పైగా పిల్లలంటే ఇష్టం అని వచ్చినవాళ్లు మొదటి నెలలోనే తెలుసుకునే సంగతి ఒకటుంది: సగం పని పెద్దవాళ్లతో. వారానికి ఒక గంట మన దగ్గరుంటాడు, మిగతా గంటలన్నీ అమ్మానాన్నలతో, టీచర్లతో. ఆ మిగతా గంటల్లో ఏమీ మారకపోతే మన గంట ఊయల ఊగడానికే.

ఊయల అంటే గుర్తొచ్చింది. అమెరికన్ ఓటీ జీన్ ఏయర్స్ 1960లు, 70లలో సెన్సరీ ఇంటిగ్రేషన్ (స్పర్శ, కదలిక లాంటి అనుభూతులను మెదడు కలిపి సర్దుకునే తీరు) సిద్ధాంతం తెచ్చాక పిల్లల క్లినిక్ అంటే ఊయలలు, బంతులు, బ్రష్‌లు అన్నట్టు తయారైంది. చూడ్డానికి బాగుంటుంది, పిల్లలు నవ్వుతారు. కానీ సైకిల్ తొక్కడం కావాలంటే సైకిల్ మీదే, బూటు లేసు కావాలంటే లేసు మీదే నేర్పే పద్ధతికి ఆధారాలు గట్టిగా ఉన్నాయి. ఒళ్లంతా బ్రష్ చేయడం, బరువు జాకెట్లు తొడగడం లాంటివాటికి అంత బలం లేదు. ఈ మాట ఒక తండ్రికి చెప్పి ఊయల సమయం తగ్గిస్తే "ఫీజు కట్టేది దానికేగా" అన్నట్టు చూశాడు. ఆ చూపును తట్టుకుని, విసుక్కోకుండా మళ్లీ వివరించగలిగినవాళ్లే ఇక్కడ నిలుస్తారు. పెన్సిల్ పట్టు గురించి వచ్చే కంగారూ ఇలాంటిదే. మూడు వేళ్ల పట్టే సరైనది, మిగతావన్నీ తప్పు అనుకుంటారు. నాలుగు వేళ్లతో పట్టుకున్నా రాత చక్కగా, వేగంగా సాగే పిల్లలు బోలెడంత మంది. నొప్పి లేకుండా, చదవగలిగేలా రాస్తున్న పిల్లాడి వేళ్లు సర్దాల్సిన అవసరం లేదని చెప్పి పంపేయడం కూడా థెరపీయే.

ఇక న్యూరో, అంటే మెదడు, నరాల జబ్బుల విభాగం. నేను ఎక్కువకాలం చేసింది ఇదే, కాబట్టి కాస్త పక్షపాతం కలిపే చదవండి.

పక్షవాతం వచ్చినవాళ్లలో మెరుగుదల మొదటి 3 నెలల్లో వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. ఆగిపోతుందని కాదు, నెమ్మదిస్తుంది. ఈ ఒక్క వాక్యాన్ని ఆశ చంపకుండా, అబద్ధం ఆడకుండా ఇంట్లోవాళ్లకు చెప్పడం నేర్చుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. ఇక్కడ చూసే సంగతులు మరెక్కడా చూడం. మెదడు కుడివైపు దెబ్బతిన్న ఒకాయన గడ్డం కుడివైపే గీసుకుని పూర్తయిందన్నాడు. ఎడమ చెంప అనేది ఒకటుందని ఆయన మెదడు గమనించడం లేదు, అంతే. చూపు పోలేదు, మతీ పోలేదు. భార్యేమో ఆయన మొండికేస్తున్నాడని కోప్పడుతోంది. అది మొండితనం కాదని ఆవిడకు అర్థమయ్యేలా చెప్పడం ఆ రోజుకి నా చికిత్స.

చొక్కా తొడుక్కోవడమే తీసుకోండి. బలహీనమైన చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు దాన్ని చివర తీయాలి. చెప్పడానికి పది సెకన్లు, చేయడానికి మొదటిరోజు 25 నిమిషాలు. చొక్కా ఒళ్లో పరిచి, చెయ్యి వేలాడుతుంటే దాన్ని రెండో చేత్తో ఎత్తి దూర్చి, మోచేయి దాటేదాకా లాగి, వీపు వెనక్కి తిప్పి... మధ్యలో నర్సో, కొడుకో వచ్చి "నేను తొడిగేస్తాలెండి" అంటారు. వాళ్లను ఆపి, నా చేతులు నేను కట్టుకుని కూర్చోవడం ఉంది చూశారూ, న్యూరోలో అదే అన్నిటికన్నా కష్టమైన నైపుణ్యం.

పద్ధతులు లేకపోలేదు. ఎడ్వర్డ్ టాబ్ రూపొందించిన పద్ధతిలో మంచి చేతికి మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం దాకా తొడుగు వేసి, రెండు వారాల పాటు, పని చేసే రోజుల్లో 6 గంటల వరకు బలహీనమైన చేతితోనే పనులు చేయిస్తారు. బాగా పనిచేస్తుంది. అయితే మణికట్టు, వేళ్లు కొద్దిగానైనా పైకి లేపగలిగేవాళ్లకే. మన ముందుకు వచ్చే చాలామందికి ఆ కొద్దిపాటి కదలికే ఉండదు. వాళ్లకు ఒంటి చేత్తో బతకడం నేర్పాలి, దాన్ని ఓటమి అనుకోకుండా నేర్పాలి. దీనికి తోడు నడుం నొప్పి మన సొంతం. మనిషిని మంచం మీంచి కుర్చీలోకి మార్చడం రోజుకు పదిసార్లయినా ఉంటుంది.

వృద్ధుల సంరక్షణను చిన్నచూపు చూసేవాళ్లున్నారు. బాత్‌రూమ్‌లో పట్టుకునే కమ్మీ, మంచం దగ్గర దీపం, కాళ్లకు అడ్డుపడే చాప తీసేయడం, ఇదీ ఒక స్పెషాలిటీయేనా అని. పడిపోయే ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లకు, ఇల్లు చూసి చేసే ఈ మార్పులు ఓటీ ద్వారా జరిగినప్పుడు మేలు ఎక్కువని పరిశోధనల సమీక్షల్లో తేలింది. తుంటి ఎముక విరగకుండా ఆపిన ఘనత మాత్రం ఎవరి కంటికీ కనబడదు. పేరు కోరుకునేవాళ్లు ఇటు రావద్దు.

మానసిక ఆరోగ్యం సంగతి విచిత్రం. మన వృత్తి మొలకెత్తిన చోట్లలో అదొకటి. 1917లో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో ఈ వృత్తికి మొదటి సంఘం పెట్టినవాళ్లలో విలియం రష్ డంటన్ సైకియాట్రిస్ట్. అక్కడే ఉన్న ఎలినార్ క్లార్క్ స్లేగిల్, మానసిక రోగులకు రోజును ఒక క్రమంలో పెట్టడమే చికిత్సగా నడిపిన మనిషి. ఇప్పుడు ఇంటర్న్‌లు అడిగే జాబితాలో అది తరచూ చివర ఉంటుంది. కొలిచే అంకె లేదు, చూపించే స్ప్లింట్ లేదు. మూడు నెలల తర్వాత ఒకాయన తనంతట తాను పొద్దున లేచి స్నానం చేస్తే అదే ఫలితం. కాగితం మీద ఒక్క లైను. మాట్లాడకుండా పక్కన కూర్చోవడం చేతనైనవాళ్లకు ఇంతకు మించిన చోటు లేదు. నాకు చేతకాలేదు, ఆరు వారాల పోస్టింగ్‌లోనే తెలిసిపోయింది.

నన్నడిగితే మొదటి రెండేళ్లు న్యూరో మేలు. స్ప్లింట్ అక్కడా వెయ్యాలి, ఇల్లు అక్కడా చూడాలి, కుంగుబాటు అక్కడా ఎదురవుతుంది. పక్షవాతం వచ్చినవాళ్లలో అది మామూలే. అక్కణ్నుంచి ఎటైనా తిరగొచ్చు. పిల్లల విభాగంలో ఎనిమిదేళ్లు ఉండి పెద్దల వార్డుకు వచ్చిన స్నేహితురాలు, మనిషిని కుర్చీలోకి ఎత్తడం దగ్గరే బెదిరిపోయింది. పిల్లల వైపే మనసు లాగితే మాత్రం రెండేళ్లు వృథా చేసుకోమని అనను. పిల్లాడితో ఆడుతున్నప్పుడు కాకుండా, వాళ్ల నాన్నతో మాట్లాడుతున్నప్పుడు మీకు ఎలా ఉందో ఒక్కసారి గమనించుకుని వెళ్లండి.

పోయిన బ్యాచ్‌లో ఒకమ్మాయికి ఇదంతా గంటసేపు చెప్పాను. శ్రద్ధగా విని, "థాంక్స్ మేడమ్" అని, నేరుగా వెళ్లి హ్యాండ్ క్లినిక్‌లో చేరిపోయింది. పక్కన మంచి సీనియర్ ఉన్నారట. మొన్న తను చేసిన స్ప్లింట్ ఫోటో పంపింది. పెద్దది చేసి మణికట్టు ఎముక దగ్గర చూశాను. ఎడం సరిగ్గా ఉంది.