పడుడు గూడ నేర్పే కోచింగ్, మన నల్లగొండలనే

మా పిల్లలిద్దరు ఈ ఆటల కోచింగ్ కు పోవట్టి ఎనిమిది నెలలైంది. రాద్దాం రాద్దాం అనుకుంటనే ఇన్ని రోజులు దాటిపోయినయ్, నిన్న మా కాలనీల ఒకామె వాళ్ల బాబును సమ్మర్ క్యాంప్ ల ఏద్దామనుకుంటున్న అక్కా ఎక్కడ బాగుంటది అని అడిగితే గేటు కాడ నిలబడే అరగంట చెప్పిన, ఇగ అదే ఇక్కడ రాస్తున్న. పేరు, ఫోన్ నంబర్ పెడ్తలేను. సార్ 30 మంది కంటే ఎక్కువ తీసుకోడు, అంతకు మించితే ఎవరు ఎట్ల ఉరుకుతుండ్రో నా కండ్లకు ఆనదమ్మా అంటడు, పేరు పెట్టొద్దని ఆయననే అన్నడు. కావాల్సినోళ్లు పొద్దున 6 లోపు గ్రౌండ్ కు పోయి చూడుర్రి, ఏ బ్యాచో మీకే సమజైతది, ఎందుకంటే మొదటి 20 నిమిషాలు అక్కడ ఎవ్వరు ఆట మొదలువెట్టరు.

అంతకన్నా ముందు మాకేమైందో చెప్పాలె, లేకపోతే నేను ఎందుకింత మెచ్చుకుంటున్ననో అర్థం కాదు.

పోయిన ఎండాకాలంల మా బాబును వేరే ఒక అకాడమీల ఏసినం. వానికి 13 ఏండ్లు, కబడ్డీ అంటే పానం. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, ఆదివారం గూడ సెలవు లేదు. మేము గూడ సంబురపడ్డం, ఫోన్ పట్టుకుంటలేడు, బువ్వ మంచిగ తింటుండు, పండుకుంటే లేస్తలేడు అని. ఐదు నిమిషాలు లేటైతే 50 కప్పగంతులు, పక్కోనితోని మాట్లాడితే గోడకుర్చీ, పాయింట్ పోగొడితే గ్రౌండ్ చుట్టు నాలుగు రౌండ్లు. మా చిన్నప్పుడు బడిల మాకూ గిట్లనే చేసిండ్రు గదా అనుకొని ఒక్క మాట అనలే మేము. ఆ తప్పు మాది గూడ, ఒప్పుకుంటున్న.

నెల దాటినంక వాడు మెట్లు దిగేటప్పుడు ఒక పక్కకు ఒరిగి దిగుడు చూసిన. అడిగితే ఏం లేదమ్మా అన్నడు. ఇంకో వారానికి మంచం కింద పడ్డ పెన్ను తీద్దామని మోకాళ్ల మీద వంగి ఒక్కసారే అమ్మా అని ఒర్రిండు. ప్యాంటు పైకి లేపి చూస్తే మోకాలి చిప్పకు రెండు వేళ్లంత కింద ఎముక ఉబ్బి గడ్డ లెక్క ఉన్నది, ముట్టుకోనిస్తలేడు.

మా అత్తమ్మది మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర పోయినోళ్లను, నడుములు వంగిపోయినోళ్లను చిన్నప్పటి సంది చూసిన మనిషి, ఆ గడ్డ చూడంగనే వీనికి గూడ ఒచ్చిందని కూలబడి ఏడ్సింది. మన జిల్లాల మోకాలు నొప్పి అంటే ముందు ఆ భయమే ఒస్తది, ఆమెను ఏం అనలేను. ఇంకొకరు చెప్తే ఎముకలు సరిజేసేటాయన దగ్గరికి తీస్కపోయినం, ఆయన తైలం పెట్టి బొటనేలుతోని బలంగ రుద్దిండు, తెల్లారి చూస్తే ఇంకింత వాసింది. దయచేసి పెరిగే పిల్లల కీళ్ల కాడ గట్ల రుద్దియ్యకుర్రి.

ఆఖరికి ఎముకల డాక్టర్ దగ్గరికి పోతే ఎక్స్‌రే తీసి చెప్పిండు, ఫ్లోరైడ్ గాదు ఏం గాదు, దీన్ని ఆస్గుడ్ ష్లాటర్ అంటరని. 1903 ల అమెరికాల ఆస్గుడ్, స్విట్జర్లాండ్ ల ష్లాటర్ అని ఇద్దరు డాక్టర్లు ఎవరికి వాళ్లు దీని గురించి రాసిండ్రట, అందుకే ఇద్దరి పేరు. మగపిల్లలకు 12 నుంచి 15 ఏండ్ల మధ్యల, సర్రున పొడుగైతున్నప్పుడు ఒస్తది, ఆడపిల్లలకు ఇంకా ముందే ఒస్తది. ఎముక తొందరగ పెరుగుతది, తొడ ముందు కండరం అంత తొందరగ సాగదు, అది బిగుసుకొని మోకాలి చిప్ప మీదుగ కింది ఎముకను గుంజుతది, ఆ గుంజే జాగల పిల్లలకు ఇంకా గట్టిపడని మెత్తటి ఎముక ఉంటది. దుంకినప్పుడల్లా, ఉరికినప్పుడల్లా, గొంతుక్కూసోని లేసినప్పుడల్లా అక్కడ్నే గుంజుతది. అంటే ఆ కప్పగంతులున్నయ్ చూడుర్రి, పుండు మీద రోజూ గీకినట్టు అన్నమాట. డాక్టర్ వారానికి ఎన్ని గంటలు ఆడుతడని అడిగితే లెక్కేసి 28 అన్న, ఆయన పెన్ను పక్కకు పెట్టి నా మొకం చూసిండు. పిల్లల వయసు ఎంతో వారానికి అన్ని గంటలకు మించి కోచింగ్ ఉండొద్దు, వారంల కనీసం ఒక రోజన్న పూర్తి రెస్టు ఉండాలె అన్నడు. అంటే మావానికి 13. మేము రెండింతలు దాటి ఆడిపిచ్చినం.

అయితే నన్ను ఇప్పటికీ కోసేది ఆ గడ్డ గాదు. ఇంటికొచ్చినంక మెల్లగ అడిగితే చెప్పిండు, మూడు వారాల సంది నొస్తుందట. చెప్తే టీంల నుంచి తీసేస్తరని, ఒకసారి చెప్తే అందరి ముంగట ఆడపిల్ల లెక్క ఏడుస్తవేందిరా అన్నరని, అందుకే నాకు గూడ చెప్పలేదని. పక్కకు మా బిడ్డ కూసోని ఇంటుంది, దానికి 10 ఏండ్లు. అమ్మా ఆడపిల్లలకు నొప్పైతే చెప్పొచ్చా మరి అనడిగింది. ఏం చెప్పాలె.

ఇగ ఇప్పుడున్న కోచింగ్ సంగతి. మొదటి రోజు ఫీజు గురించి మాట్లాడుతడేమో అనుకున్న, సార్ ముందు బాబుతోని మాట్లాడిండు, మాతోని గాదు. ఎక్కడ నొస్తది, మెట్లు ఎక్కితెనా దిగితెనా, రాత్రి ఎన్ని గంటలకు పంటవ్, బడిల పీఈటీ సార్ ఏం ఆడిపిస్తడు, సాయంత్రం గల్లీల క్రికెట్ ఎంతసేపు. అవన్నీ కలిపి గంటలు రాసుకున్నడు. నాకు అప్పుడు తెలిసింది, బడిది వేరే, కోచింగ్ ది వేరే, గల్లీది వేరే అని మనం అనుకుంటం గాని మోకాలికి అన్నీ ఒక్కటేనని.

రోజూ గ్రౌండ్ లకు రాంగనే ప్రతి పిల్ల చేతి వేళ్లు చూపియ్యాలె, నొప్పి ఎంతుందో 0 నుంచి 10 వరకు. 0 అయితే పిడికిలి. 3 దాటితే ఆ రోజు ఉరుకుడు లేదు దుంకుడు లేదు, కానీ ఇంటికి పంపడు, అక్కడ్నే ఉండి స్కోర్ రాయాలె లేకపోతే కూసోని చేసే కసరత్తు చెయ్యాలె. ఎవ్వరు నవ్వరు, ఎందుకంటే అందరికి ఏదో ఒక రోజు ఆ వంతు ఒస్తది. మావాడు మొదటి రెండు వారాలు పిడికిలే చూపిచ్చిండు, కుంటుకుంటనే. సార్ గట్టిగ ఏం అనలే, రోజూ పక్కకు పిలిచి మళ్ల అడుగుడే. మూడో వారంల వాడు నాలుగు వేళ్లు లేపిండు. నేను బయట స్కూటీ మీద కూసోని చూస్తున్న, కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

మొదట్ల చెప్పిన ఆ 20 నిమిషాలు వార్మప్ కే. ఫిఫా వాళ్లది 11 ప్లస్ అని ఒకటుంది, ఫుట్‌బాల్ ఆడేటోళ్ల కోసం చేసిన వార్మప్, అందుల 7 నుంచి 13 ఏండ్ల పిల్లలకు వేరేగ ఉంది. యూరప్ ల నాలుగు దేశాల క్లబ్బులల్ల దాన్ని పెట్టి చూస్తే పిల్లల దెబ్బలు 48 శాతం తగ్గినయట. సార్ దాన్నే కబడ్డీకి, ఉరుకుడుకు తగ్గట్టు మార్చుకున్నడు. ఒంటికాలి మీద నిలబడి బాల్ పట్టుడు, ఎనకకు ఉరుకుడు, పక్కకు దుంకి ఆగుడు. దుంకితే చప్పుడు రావొద్దు, పిల్లి దుంకినట్టు దుంకాలె, మోకాళ్లు ఒకదానికొకటి తాకెటట్టు లోపలికి ఒంగొద్దు. ఆడపిల్లలకు ఇది ఇంకా ముఖ్యం అని చెప్పిండు, పెద్దమనిషి అయినంక దుంకి దిగేటప్పుడు మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టుకునే లిగమెంట్ తెగే రిస్కు వాళ్లకే ఎక్కువ, అందుకే ఇప్పటి నుంచే అలవాటు చెయ్యాలంటడు. అన్నిటికంటే నాకు నచ్చింది పడుడు నేర్పుడు. నిజంగనే పడుడు. చెయ్యి చాపి అరచేతి మీద పడకుండ, గదుమ ఛాతీకి ఆనిచ్చి భుజం మీదుగ దొర్లుతూ పడాలె. చెయ్యి చాపి పడితెనే కదా పిల్లలకు మణికట్టు ఎముక ఇరిగేది. మా బిడ్డ ఇంట్ల పరుపు మీద రోజూ పడుతనే ఉంటది.

మూడు నెలలకోసారి గోడకు నిలబెట్టి ఎత్తు రాసుకుంటడు. ఎవరన్న ఒక్కసారే బాగ పొడుగైతే వాళ్లకు దుంకుడు తగ్గిస్తడు. బిడ్డ ఒక నెలల మునివేళ్ల మీద ఉరుకుతుందని ఆయననే కనిపెట్టిండు, మడమ నొస్తుందట దానికి. అది గూడ పెరిగే వయసుదే, సీవర్ అంటరట, బూటుల మెత్త పెట్టి మూడు వారాలు తగ్గించుకుంటే పోయింది. మేమైతే అది పట్టుకునేటోళ్లమే గాదు.

ఒకసారి కబడ్డీల ఒక బాబు తల నేలకు గట్టిగ తగిలింది. లేసి నాకేం గాలే సార్ ఆడుత అన్నడు. సార్ ససేమిరా అన్నడు, తలకు తగిలిన రోజు మళ్ల ఆట లేదు, ఫైనల్ అయినా సరే. వాళ్ల నాయినకు ఫోన్ చేసి వాంతులైనా, మత్తుగ ఉన్నా, తలనొప్పి పెరిగినా, మాట తేడా ఒచ్చినా ఆలస్యం చెయ్యకుండ దవఖానకు తీస్కపొమ్మన్నడు, అట్ల ఏం లేకున్నా డాక్టర్ కు చూపిచ్చినంకనే రమ్మన్నడు. వాళ్ల నాయిన కొంచెం నారాజైండు గాని సార్ ఇనలే. ఆ బాబు మెల్లమెల్లగ నడుసుడు, ఉరుకుడు, ఆ తర్వాత ఆట అన్నట్టు మళ్ల లోపలికొచ్చిండు.

మా ఆయనకు మొదట్ల ఈ పద్ధతి అస్సలు నచ్చలే, పిల్లలను మెత్తగ చేస్తుండు, మిగతావాళ్లు ముందుకు పోతరు మనోడు ఎనకబడ్తడు అని గులుగుడు. ఆయనకు క్రికెట్ పిచ్చి. అదే బ్యాచ్ ల ఒక బాబును వాళ్ల నాయిన ఇంటికాడ రోజూ 20 ఓవర్లు ఫాస్ట్ బౌలింగ్ చేపిస్తుంటే సార్ ఆయనకు చెప్పిండు, ఇంగ్లండ్ క్రికెట్ బోర్డే 13 ఏండ్ల లోపు ఫాస్ట్ బౌలర్లకు ఒక్క స్పెల్ ల 5 ఓవర్లు, రోజుకు 10 ఓవర్లు అని పెట్టింది, మనం ఎందుకు అంతకు రెండింతలు ఏపియ్యాలె అని. బుమ్రా అసొంటోడే నడుము ఎముక ఒత్తిడి గాయంతోని 2022 టీ20 వరల్డ్ కప్ పోగొట్టుకున్నడు, 2023 మార్చిల ఆపరేషన్ చేపిచ్చుకొని ఆగస్టుల గాని తిరిగి రాలే, అది పెద్దోని ఎముక, ఇది ఇంకా పెరిగే ఎముక అన్నడు. ఆ మాట ఇన్నంక మా ఆయన గులుగుడు ఆపిండు.

ఎండల గురించి గూడ ఒక మాట. మే నెలల మన నల్లగొండ ఎండ తెలుసు గదా. ఇక్కడ పొద్దున 5:30 కు మొదలై 7:15 కు అయిపోతది, సాయంత్రం బ్యాచ్ ఎండాకాలం రెండు నెలలు ఉండదు. దూపైనా కాకపోయినా 15, 20 నిమిషాలకు ఒకసారి నీళ్లు తాగాలె. పాత అకాడమీల మధ్యల నీళ్లు తాగుతే కడుపుల పట్టుకుంటదని ఆపేటోళ్లు, ఎండకాలంల అది ఎంత ప్రమాదమో ఇప్పుడు తలుసుకుంటే గుండె దడ.

బాగలేనివి గూడ చెప్తా. ఆడపిల్లలకు బాత్రూం సౌలత్ సరిగ లేదు, ఇది సార్ తప్పు గాదు గ్రౌండ్ సంగతి, కాని తల్లులకు కష్టమే. నీడ లేదు. ఐస్ బాక్స్ మేము అడిగినంకనే ఒచ్చింది, మొదటి నుంచి ఉండాల్సింది. నేల గట్టి, కబడ్డీకి మ్యాట్ లేదు, మట్టి తవ్వి మెత్తగ చేసిన జాగలనే ఆడిపిస్తడు, వానపడితే ఆ రోజు బంద్. వాట్సాప్ ల అడిగితే జవాబు రాదు, పోయి మాట్లాడాలె. పోటీలు, మెడల్స్, ఫోటోలు తొందరగ కావాలనుకునేటోళ్లకు ఇది నచ్చదు, మొదటి రెండు నెలలు పిల్లలకు బోర్ గూడ కొడ్తది, మా బిడ్డ నాలుగు సార్లు మానేస్త అన్నది.

ఫీజు నెలకు 900, ఇద్దరికి కలిపి 1600 తీసుకుంటుండు. పాతదానికి ఒక్కనికే 1500 కట్టినం. నేనైతే 5 కి 4.5 ఇస్తున్న, ఆ సగం బాత్రూం కోసం తీసిన.

మావాడు పది వారాల తర్వాత మళ్ల రెయిడ్ కు దిగిండు. ఆ గడ్డ ఇంకా ఉన్నది, పెద్దయినంక గూడ కొంచెం అట్లనే కనబడ్తదని డాక్టర్ ముందే చెప్పిండు, నొప్పి మాత్రం లేదు. అత్తమ్మ రోజూ రాత్రి ఒక్కసారన్న ముట్టుకొని చూస్తది.

చూద్దామని పోయేటోళ్లు పిల్లల పాత బూట్లు గూడ పట్టుకపోన్రి. సార్ ముందు వాటినే తిప్పి అడుగు ఏ పక్కకు అరిగిందో చూస్తడు.