వెస్పాసియన్ ‘యూదయా కాప్టా’ నాణెం కొనబోయేవారికి హెచ్చరిక: బొరుసు మీది బొమ్మ ఈ మధ్య చెక్కినది

వెస్పాసియన్ చక్రవర్తి పేరిట క్రీ.శ. 71లో రోములో ముద్రించిన ‘యూదయా కాప్టా’ (‘యూదుల దేశమైన యూదయ పట్టుబడింది’ అని అర్థం) రకపు సెస్టర్షియస్ అనే పెద్ద రోమన్ నాణెం ఒకటి ప్రస్తుతం ఆన్‌లైన్‌లో అమ్మకానికి ఉంది. ఇదే నాణేన్ని ఇంతకుముందు నేను ఐరోపాలోని ఒక అమ్మకందారు దగ్గర కొని, బొరుసు వైపు బొమ్మను ఈ మధ్యకాలంలో పనిముట్లతో తిరిగి చెక్కారని రుజువు కావడంతో వాపసు చేశాను. ఇప్పుడది వేరే ఖాతా పేరుతో, అవే ఫోటోలతో, చెక్కుడు పని గురించి ఒక్క మాట కూడా లేకుండా మళ్ళీ కనిపిస్తోంది. రోమన్ కంచు నాణేలు సేకరించే తెలుగువారు, ముఖ్యంగా నాలాగా విదేశాల్లో ఉంటూ ఫోటో చూసి కొనేవారు, దీన్ని గుర్తుపట్టగలగాలని ఈ వివరాలు రాస్తున్నాను. బొరుసును నిటారుగా పెట్టి చూస్తే, గడియారంలో నాలుగు గంటల స్థానంలో అంచు నుంచి లోపలికి ఒక చీలిక ఉంటుంది. పైభాగంలో అంచు కొద్దిగా చదునై గుండ్రతనం తప్పి ఉంటుంది. బరువు 25 గ్రాములకు కాస్త తక్కువ.

ఈ రకానికి ఇంత గిరాకీ ఉండటానికి కారణం పూర్తిగా బొరుసే. క్రీ.శ. 70లో యెరూషలేము రోమన్ల వశమైన తరువాత, ఆ విజయాన్ని సామ్రాజ్యమంతా చాటడానికి వెస్పాసియన్ ఈ నాణేలను వేయించాడు. మధ్యలో ఖర్జూరపు చెట్టు, దానికి ఎడమవైపు ఈటె పట్టుకుని, ఒక కాలు శిరస్త్రాణం మీద మోపి సైనిక దుస్తుల్లో నిలబడిన చక్రవర్తి, కుడివైపు తలకు చెయ్యి ఆనించుకుని కూర్చుని దుఃఖిస్తున్న స్త్రీ రూపంలో యూదయ, చుట్టూ ‘యూదయా కాప్టా’ అనే అక్షరాలు, అడుగున సెనేటు తీర్మానాన్ని సూచించే ‘ఎస్ సి’ ఉంటాయి. సుమారు 35 మిల్లీమీటర్ల వెడల్పున్న లోహపు బిళ్ళ మీద ఓడిన జాతి శోకాన్ని అంత తక్కువ గీతల్లో చూపిన ఆ అచ్చు పనివాడి చేతి నేర్పు నన్ను ఎప్పుడూ కట్టిపడేస్తుంది. బొమ్మ వైపున్న వెస్పాసియన్ తల మామూలు నాణేల మీద కూడా దొరుకుతుంది కాబట్టి మనం పెట్టే డబ్బులో అధికభాగం ఈ బొరుసుకే పోతుంది. బొరుసు అరిగిపోయిన నాణెం కంటే స్పష్టంగా ఉన్న నాణెం ఎన్నో రెట్ల ధర పలుకుతుంది, ఆ తేడా కోసమే కొందరు అరిగిన నాణేలను కొని ఉలి పట్టుకుంటున్నారు.

నాణెం చేతికి వచ్చాక మొదట అనుమానం కలిగించింది రెండు వైపుల అరుగుదలలోని తేడా. చక్రవర్తి చెంప, తల మీది లారెల్ ఆకులు బాగా అరిగి చదునైపోయి ఉన్నాయి, కానీ బొరుసు మీద కూర్చున్న స్త్రీ ముక్కు, వేళ్ళు, ఖర్జూరపు గెలల్లోని ఒక్కో కాయ నిన్న మొన్న చేసినట్టు పదునుగా ఉన్నాయి. ఒకే జేబుల్లో, ఒకే చేతుల్లో తిరిగిన నాణేనికి ఒకవైపు అంతగా అరిగి, రెండోవైపు అసలు అరగకుండా ఉండటానికి ఒక్కోసారి కారణాలుంటాయి, అయితే అటువంటప్పుడు ఎత్తుగా ఉండే భాగాలే ముందు అరగాలి. ఇక్కడ బొరుసు మీద బాగా ఎత్తులో ఉండే చక్రవర్తి మోకాలు కూడా గీత చెదరకుండా ఉంది. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూసినప్పుడు ‘కాప్టా’లోని మొదటి అక్షరం చుట్టూ సన్నని గాడి కనిపించింది. ఆ గాడి అడుగున ఒకచోట పచ్చ పొర కింద నుంచి పసుపు రంగు లోహం మెరుస్తోంది. సెస్టర్షియస్‌లను మనం అలవాటుగా కంచు నాణేలంటాం గానీ అవి నిజానికి రాగి, జింకు కలిసిన ఇత్తడి, కాబట్టి కొత్తగా గీకిన చోట ఆ పసుపే బయటపడుతుంది. అసిటోన్‌లో ముంచిన దూది పుల్లతో అంచు దగ్గర మెల్లగా తుడిస్తే దూది ఆకుపచ్చగా మారింది. శతాబ్దాల పాటు మట్టిలో లోహం మీద ఏర్పడిన గట్టి సహజ పొర, అంటే పాటినా, అసిటోన్‌కు కరిగి రాదు, దూదికి అంటుకున్నది చెక్కుడు గీతలను కప్పడానికి వేసిన రంగు.

అసలు రుజువు పాత వేలాల ఫోటోలలో దొరికింది. అదే చీలిక, అదే చదునైన పై అంచు ఉన్న నాణెం కొన్నేళ్ళ కిందట ఒక చిన్న వేలంలో మామూలు ధరకు అమ్ముడైంది. ఆ ఫోటోలో యూదయ ముఖం ఆకారం లేని ముద్దలా ఉంది, ఖర్జూరపు గెలలు లేనే లేవు, అక్షరాల్లో సగం తుప్పులో కలిసిపోయి ఉన్నాయి. ఇప్పుడున్న కళ్ళు, ముక్కు, వేళ్ళు, కాయలు అన్నీ ఆ తరువాత ఎవరో ఊహించి చెక్కినవే. ఆ రెండు ఫోటోలను పక్కపక్కన పెట్టి భద్రపరిచాను, అడిగినవారికి పంపుతాను.

అమ్మకందారు ఇచ్చిన జవాబును జాగ్రత్తగా గమనించాలి, ఎందుకంటే ఇదే జవాబు మీకూ రావచ్చు. నాణెం ప్రాచీనమైనదే కాబట్టి జీవితకాల ప్రామాణికత హామీకి భంగం కలగలేదని, వివరణలో ‘స్వల్పంగా స్మూతింగ్’ అని ముందే రాశామని, వాపసు గడువు దాటిపోయిందని ఆయన రాశారు. ఇందులో మొదటి మాట సాంకేతికంగా నిజం కావడమే అసలు ప్రమాదం. చాలా దుకాణాలు ఇచ్చే హామీ నకిలీకి మాత్రమే వర్తిస్తుంది, అసలు నాణెం మీద కొత్త బొమ్మ చెక్కితే దానికి వర్తించదు. రెండో మాట మాత్రం మోసం. స్మూతింగ్ అంటే బొమ్మకూ అక్షరాలకూ చెయ్యి తగలకుండా చుట్టూ ఉన్న ఖాళీ జాగాలోని తుప్పు గరుకును చదును చేయడం. అది కూడా చెప్పి తీరవలసిన పనే. లోహంలోకి ఉలి దించి లేని గీతలు పుట్టించడాన్ని టూలింగ్ అంటారు, రెండింటినీ ఒకే మాట కింద దాచడం సేకరణదారులు ఒప్పుకోకూడదు. చివరకు డబ్బు చెల్లింపు సంస్థకు రెండు ఫోటోలూ చూపించాక నాణెం ధర తిరిగి వచ్చింది, పోస్టేజీ, దిగుమతి పన్ను మాత్రం రాలేదు.

బొరుసు వల్లే ధర పలికే పెద్ద కంచు నాణేలన్నిటి విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం. నీరో కాలపు ఓస్టియా రేవు నాణెం మీది ఓడలు, జానస్ దేవుడి గుడి తలుపులు, హేడ్రియన్ పర్యటనలను, రాష్ట్రాలను చూపే నాణేల మీది స్త్రీ మూర్తులు, టైటస్ కాలపు కొలోసియం, ఇవన్నీ ఉలికి లోబడే బొమ్మలే. అచ్చు దెబ్బకు పుట్టిన అక్షరం పక్కలు ఏటవాలుగా దిగి ఖాళీ జాగాలో కలిసిపోతాయి, అంచు వైపు లోహం ప్రవహించిన సన్నని చారలు తరచుగా కనిపిస్తాయి. చెక్కిన అక్షరం నిలువుగా గోడ కట్టినట్టు నిలబడి, దాని పాదం దగ్గర గాడి మిగులుతుంది. జుట్టు తీగలు లాగినట్టుగా, కండలు గీతలుగా, ముఖాలన్నీ ఒకే పోలికలో ఉంటే కొనకుండా ఆగండి. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వారి ఉచిత ఆన్‌లైన్ జాబితాలోనూ, బ్రిటిష్ మ్యూజియం సేకరణలోనూ అదే రకం నాణేల ఫోటోలు ఉంటాయి, ఈటె కొన ఏ అక్షరం దగ్గర ముగుస్తోందో, కొమ్మ ఎక్కడ వంగుతోందో పోల్చి చూడండి. ఒకే అచ్చు నుంచి వచ్చిన నాణేల్లో ఇవి మారవు. నాణేలను పరిశీలించి నాణ్యత నిర్ణయించే ఎన్‌జీసీ సంస్థకు గ్రేడింగ్ కోసం పంపిన నాణేలైతే స్మూతింగ్, టూలింగ్ గమనించినప్పుడు లేబుల్ మీద రాస్తారు, అది అమ్మకందారు మాట కంటే నయం.

పాత రోమన్ నాణెంలా కనిపించే బొమ్మను కొత్తగా చెక్కడం ఈనాటి పని కాదు. 16వ శతాబ్దంలో పాడువా నగరపు జొవాన్ని కవీనో రోమన్ సెస్టర్షియస్‌ల పోలికతో స్వయంగా అచ్చులు చెక్కాడు, ఆ ‘పాడువన్’ల నుంచి పోతపోసిన ప్రతులు ఈనాటికీ అసలువిగా అమ్ముడవుతున్నాయి.

డబ్బు కట్టేముందు ‘ఈ నాణెం మీద టూలింగ్ జరిగిందా, రంగు వేశారా, ఇంతకుముందు ఎక్కడ అమ్ముడైంది, టూలింగ్ తేలితే గడువుతో నిమిత్తం లేకుండా వాపసు తీసుకుంటారా’ అని రాతపూర్వకంగా అడిగి, రాతలోనే జవాబు తీసుకోండి. జవాబు దాటవేస్తే కొనకండి.

మన ప్రాంతంలో ఉన్నవారికి మరో మాట. పెద్ద రోమన్ కంచు నాణెం కృష్ణా తీరంలో పొలం దున్నుతుంటే దొరికిందని ఎవరైనా తెచ్చి చూపిస్తే రెండింతలు జాగ్రత్తగా ఉండాలి. తెలుగు నేల మీద బయటపడిన పేరున్న రోమన్ నిధులు బంగారం, వెండి నాణేలవి: నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో వెండి దీనార్లు, పల్నాడులోని వినుకొండలో బంగారు నాణేలు దొరికాయి. పైగా భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువ గల నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది, నూరేళ్ళు దాటిన నాణేన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం పురావస్తువుగా పరిగణిస్తుంది. పాత సేకరణ తాలూకు రశీదు లేకుండా ఇలాంటి కథతో వచ్చే నాణేన్ని నేను బేరమాడను కూడా.