ఆరేళ్ల అటోర్వాస్టాటిన్: మాత్ర మీద కాదు, నా కాలేయం మీద ఫిర్యాదు

కొలెస్ట్రాల్ తగ్గించే ఈ మాత్రకు పరిచయం అక్కర్లేదు, మా స్టాఫ్‌రూములోనే నలుగురం వేసుకుంటున్నాం. నా గోలంతా ఒక్కటే: మానేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

2019లో నా ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్, 172. రోజుకో 10 మి.గ్రా. మాత్రతో రెండు నెలల్లో 106కి దిగింది. ఆ రిపోర్టు జేబులో పెట్టుకుని కనబడ్డవాళ్లందరికీ చూపించాను. జ్వరం తగ్గాక మందెందుకన్నట్టు, ఎవర్నీ అడక్కుండా మాత్ర ఆపేశాను. బదులుగా పథ్యం పట్టాను. పచ్చసొన బంద్, ఆదివారం మటన్ బంద్, ముద్దపప్పులో నెయ్యి కూడా బంద్. తెల్లారకుండానే నడక. "పథ్యం మీకా, ఇంటిల్లిపాదికీనా?" అని మా ఆవిడ విసుక్కుంది. నాలుగు నెలలయ్యాక పరీక్ష చేయిస్తే 164. అంత కడుపు మాడ్చుకుంటే తగ్గింది ఎనిమిది!

డాక్టరుగారు నవ్వేశారు. "మాస్టారూ, సరుకు రాకపోతే మీ ఇంట్లో వంట ఆగుతుందేమో గానీ కాలేయంలో ఆగదు. కణాల గోడలకు, హార్మోన్లకు, పైత్యరసానికి కొలెస్ట్రాల్ కావాలి. అంత ముఖ్యమైనదాన్ని ఒళ్లు మీ నోటికి వదిలెయ్యదు. మీరు తగ్గిస్తే అది ఎక్కువ వండుతుంది, మీరు పెంచితే తక్కువ వండుతుంది." మాత్ర చేసేదల్లా ఆ పొయ్యి మంట తగ్గించడమట. అప్పుడు కాలేయానికి కొరత వస్తుంది. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను లాక్కోడానికి గ్రాహకాలు అనే కొక్కేలు మరిన్ని బయటికి వేస్తుంది. మాత్ర ఆపగానే పొయ్యి రాజుకుంటుంది, కొక్కేలు తగ్గిపోతాయి. (ఈ నియంత్రణ గుట్టు విప్పినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. నేను సైన్సు మాస్టారినై ఉండీ అది నా రిపోర్టు చూశాకే చదివాను, సిగ్గుచేటు.)

మళ్లీ మొదలుపెడితే 107. డోసు 20కి పెంచారు. రెట్టింపు మందుకి రెట్టింపు ఫలితం ఉంటుందనుకుంటాం కదా, వచ్చింది 100. డోసు రెట్టించినప్పుడల్లా అదనంగా తగ్గేది ఆరు శాతం చొప్పునేనట. కొలెస్ట్రాల్ వండే ఎంజైమునే మాత్ర అడ్డుకుంటుంది, మనం నొక్కేకొద్దీ కాలేయం అదే ఎంజైమును ఇంకా తయారు చేసుకుంటుంది. ఇంత మొండి అవయవం ఇంకోటి ఉండదు.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది మాత్రం రెండో మందు, ఎజెటిమైబ్. పేగులో కొలెస్ట్రాల్‌ను ఒంటికి పట్టనివ్వదన్నారు. "గుడ్డు కూడా మానేశాను కదండీ, ఇంక పేగులో ఆపడానికేముంది?" అన్నాను. పేగులోకి దిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం కంచంలోది కాదట, కాలేయం పైత్యరసంతో పంపేదేనట! అందులో దాదాపు సగం పేగు తిరిగి పీల్చేసుకుంటుంది. ఆ దారి మూసేసరికి 79.

ఏ ఇబ్బందీ లేదని మొదట్లో అందరికీ చెప్పినమాట వాస్తవమే. ఇప్పుడైతే అంత ధీమాగా చెప్పను. 20కి మారిన కొత్తలో మెట్లెక్కితే పిక్కలు పట్టేసేవి, తర్వాత సర్దుకుంది. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 5.6 నుంచి 5.9 శాతానికి పాకింది. అది మాత్ర పనో, సంక్రాంతి అరిసెల పనో తేల్చుకోలేకపోయాను.

మా నాన్నకు 52 ఏళ్లకే గుండెపోటు వచ్చింది, నాకిప్పుడు 51. అందుకని నేను మానను. మా తమ్ముడికి 130 ఉంది, వాడికి డాక్టరు ఇంకా రాయలేదు, నేనూ వేసుకొమ్మని చెప్పను. పచ్చసొన ఆదివారాలు మళ్లీ తింటున్నాను. నెయ్యి విషయం వేరు, అందులోని సంతృప్త కొవ్వు ఆ కొక్కేలనే తగ్గిస్తుందట. ఈ ముక్క చెప్పినా మా ఆవిడ నమ్మడం లేదు, పప్పులో చెంచాడు పడుతూనే ఉంది.