నాలుగేళ్లు వాడిన ఫేడర్ల పెట్టె: ఇది టాంజిబుల్ ఇంటర్‌ఫేసేనా?

హన్మకొండలో మాది చిన్న రికార్డింగ్ గది. జానపదాలు, ఒగ్గుకథలు, పండుగ ముందు నెలలో అయితే వరుసగా బతుకమ్మ పాటలు. మిక్సింగ్ కోసం నాలుగేళ్ల కింద ఎనిమిది ఫేడర్లు (ధ్వనిని పెంచే, తగ్గించే జారుడు మీటలు), ఎనిమిది నాబ్‌లు ఉన్న యూఎస్‌బీ మిడి కంట్రోలర్ కొన్నాను, అంటే మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌ను చేత్తో నడిపే పెట్టె. అమ్మినాయన దాన్ని ‘టాంజిబుల్ ఇంటర్‌ఫేస్’ అన్నాడు, అంటే చేత్తో తాకి కంప్యూటర్‌తో పనిచేసే సాధనం. ఆ మాట అప్పటి నుంచీ నా మనసులో తిరుగుతోంది.

మౌస్ కంటే నయం, అందులో సందేహం లేదు. డోలును, తాళాలను దించుతూ అదే క్షణంలో గొంతును పైకి తేవాలంటే మౌస్‌తో కాదు. ఇక్కడ మూడు వేళ్లు మూడు ట్రాకుల మీద ఉంటాయి, కళ్లు మూసుకుని వినొచ్చు. దుమ్ము పట్టి రెండు ఫేడర్లు అప్పుడప్పుడు విలువలు ఎగరేస్తున్నాయి, ఊదితే కొన్నాళ్లు సర్దుకుంటాయి.

అయితే 1997లో ఎంఐటీ మీడియా ల్యాబ్ నుంచి హిరోషి ఇషీ, బ్రిగ్ ఉల్మర్ అనే పరిశోధకులు ‘టాంజిబుల్ బిట్స్’ అనే వ్యాసం రాసినప్పుడు అడిగింది ఇంతకంటే ఎక్కువ. చేతికి తగిలే వస్తువే సమాచారానికి రూపం కావాలి. 1992లో డరెల్ బిషప్ రూపకల్పన చేసిన ఆన్సరింగ్ మెషీన్‌లో ఒక్కో ఫోన్ సందేశానికి ఒక్కో గోలీ వస్తుంది. గోలీ తీసి గుంటలో పెడితే ఆ సందేశం వినిపిస్తుంది. మన ఓమనగుంటల్లో చింతగింజలూ అంతే. లెక్క ఇంకెక్కడో ఉండదు, గింజలే లెక్క.

నా పెట్టె అలాంటిది కాదని కరెంటు పోయిన రోజు అర్థమైంది. సిస్టమ్ మళ్లీ ఆన్ చేస్తే సాఫ్ట్‌వేర్ చివరిసారి సేవ్ చేసిన చోట తెరుచుకుంది, ఫేడర్లు మాత్రం నేను వదిలిన చోటే ఉన్నాయి. డోలు ఫేడర్‌ను కొంచెం కదిపానో లేదో శబ్దం ఒక్కసారిగా ఎగిరింది, హెడ్‌ఫోన్స్‌లో ఉన్న గాయని ఉలిక్కిపడింది. తర్వాత ‘పికప్’ సెట్టింగ్ పెట్టాను. ఫేడర్ సాఫ్ట్‌వేర్ విలువను దాటేదాకా పని చేయదు. ఎగరడం ఆగింది గానీ ఫేడర్ ఒకచోట, ధ్వని ఇంకోచోట ఉండడం ఆగలేదు. ఫేడర్లను తర్వాతి ఎనిమిది ట్రాకులకు మార్చే బ్యాంక్ బటన్ నొక్కితే మరీ అన్యాయం, మొదటి ఫేడర్ తొమ్మిదో ట్రాకు అయిపోతుంది, నిలబడిన చోటు మాత్రం పాతదే.

కరీంనగర్‌లో మిత్రుడి స్టూడియోలో మోటార్ ఫేడర్ల మీద వారం పనిచేశాను. ఆటోమేషన్ (ముందే సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకున్న హెచ్చుతగ్గులు) నడుస్తుంటే అవే కదులుతాయి, బ్యాంక్ మారిస్తే తమంతట సర్దుకుంటాయి. చెయ్యి పెట్టే చోటే జవాబూ కనిపిస్తుంది. దాన్ని టాంజిబుల్ అనడానికి చాలావరకు ఒప్పుకుంటాను. అయినా బ్యాంక్ మారితే అదే ఫేడర్ వేరే వాద్యం అవుతుంది. గోలీ అలా మారదు.

నా దానికి నా జవాబు: కాదు, ఇది మంచి పిడి మాత్రమే. కానీ ఏడాది నుంచి బ్యాంకులు వాడటం మానేశాను. ప్రతి పాటలో మొదటిది డోలు, రెండోది తాళాలు, మూడోది గొంతు. కింద టేపు అంటించి పేర్లు రాశాను. మొన్న ఒగ్గుకథ పెద్దాయన వచ్చి “నా డోలు యాడున్నది బిడ్డా?” అన్నాడు. “గిదే తాతా” అని చూపించాను. బొటనవేలు పెట్టి, స్క్రీన్ వైపు చూడకుండా, తనకు నచ్చిన చోటికి జరిపి ఆపాడు. ఆ పాటలో డోలును నేను మళ్లీ ముట్టలేదు.