రీలు లేని జపాన్ గాలం: తీర్థన్ లోయలో ఆరు రోజులు వాడాక నా మాట

బెంగళూరులో ఉంటూ కొండవాగుల్లో ట్రౌట్ చేపలు పట్టాలని ఆశపడే తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో గానీ, మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరు నన్ను ఏ రాడ్ కొనాలని అడిగారు. వాళ్ళకి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. నేను కొన్నది టెంకారా రాడ్. జపాన్ కొండల్లో వాగుల వెంట చేపలు పట్టుకుని బతికినవాళ్ళు వాడిన పద్ధతి ఇది. రీలు, అంటే దారం చుట్టుకునే చక్రం, ఉండదు. కర్ర, కర్ర కొసకి కట్టిన దారం, దారం చివర ఈకతో చుట్టిన ఉత్తుత్తి పురుగు (దీన్నే ఫ్లై అంటారు), అంతే.

షాపులో దాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకోగానే తణుకు దగ్గర మా ఊరి పంటకాలవ గట్టు గుర్తొచ్చింది. మా మేనమామ వెదురుకర్రకి తంగూసు కట్టి, నెమలి ఈక కాడ ముక్కని బెండుగా పెట్టి, వానపాము గుచ్చి పొద్దున్నే కూర్చునేవాడు, పదింటికల్లా ఇంటికి కూరకి సరిపడా జెల్లలూ పరిగెలూ వచ్చేవి. ఆ కర్రకీ రీలు లేదు. అది వెదురు, ఇది కార్బన్, అది ఒకే బద్ద, ఇది ఒకదాన్లోకి ఒకటి దూరిపోయే గొట్టాలు. పూర్తిగా లాగితే 360 సెంటీమీటర్లు, మడిస్తే 54, బరువు 80 గ్రాములు కూడా లేదు. ఫ్లైట్‌లో వెళ్ళేవాళ్ళకి ఆ 54 సెంటీమీటర్లే పెద్ద వరం, మామూలు సూట్‌కేసులో బట్టల మధ్య పట్టేసింది. రాడ్, దారాలు, డజనున్నర ఫ్లైలు అన్నీ కలిపి పదిహేను వేలు దాటింది. కంపెనీ పేరు రాయడం లేదు, నేను చెప్పేదంతా ఈ రకం రాడ్‌కి వర్తిస్తుంది.

రెండు వారాలు రోజూ పొద్దున్న టెర్రస్ మీద ప్రాక్టీస్ చేశాను. ఫ్లై బదులు దారం కొసకి ఎర్ర ఊలు ముక్క కట్టి, పది అడుగుల దూరంలో స్టీలు ప్లేటు పెట్టి, అందులో పడేలా విసరడం. చెయ్యంతా ఊపక్కర్లేదు, మణికట్టు చాలు. మూడో రోజుకి ప్లేటులో పడటం మొదలైంది. రీలు ఉన్న ఫ్లై రాడ్‌తో ఇంత తొందరగా రాదు, అది నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ లోయకి దసరా సెలవుల్లో వెళ్ళాం. మనకి విజయదశమితో పండగ అయిపోతుంది గానీ కుల్లూలో సరిగ్గా ఆ రోజే మొదలై వారం పాటు సాగుతుంది, బస్సుల్లో నిలబడే చోటు కూడా ఉండదు, కాబట్టి ఆ వారం వెళ్ళేవాళ్ళు గది ముందే చూసుకోండి. మనాలీ బస్సులో వెళ్ళి ఔట్ టన్నెల్ ముందు దిగిపోవాలి, అక్కడి నుంచి బంజార్, బంజార్ నుంచి గుశైణి. తీర్థన్ నది గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ లోపల పుట్టి ఇటుగా దిగుతుంది. ఆ పార్కుకి 2014లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ట్రౌట్‌కి లైసెన్సు తప్పనిసరి, మత్స్యశాఖ వాళ్ళిస్తారు. నవంబరు ఒకటి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ వేట పూర్తిగా బంద్, అవి గుడ్లు పెట్టే రోజులు. వానాకాలంలో నీళ్ళు బురదగా, ప్రమాదంగా ఉంటాయి. ఇక మిగిలేవి మార్చి నుంచి జూన్, మళ్ళీ వానలు వెనక్కి తగ్గాక అక్టోబరు ఆఖరు దాకా.

ట్రౌట్ మన దేశపు చేప కాదు. బ్రిటిష్ వాళ్ళు 1900 ప్రాంతంలో కాశ్మీర్‌లో వదిలారు, 1909లో కుల్లూ వైపు తెచ్చారు. నూరేళ్ళు దాటింది కాబట్టి కొండవాగుల్లో వాగులోనే పుట్టి వాగులోనే పెరిగినవి ఉన్నాయి. నాకు కావలసినవి అవే. హేచరీ చెరువులో మేత తిని పెరిగిన చేపకి మనిషి నీడ పడితే దగ్గరకొస్తుంది. వాగు చేప నీడ కనబడగానే రాయి కిందకి పోతుంది, మళ్ళీ అరగంట దాకా బయటికి రాదు.

రాడ్ విలువ తెలిసింది రెండో రోజు. పెద్ద నది వదిలేసి, గైడ్ చూపించిన ఒక పక్కవాగు పట్టుకుని గంటన్నర పైకెక్కాం. వెడల్పు ఎక్కడా పదిహేను అడుగులు మించదు, రెండు వైపులా చెట్లు, మధ్యలో ఇంటి గదంత బండలు. థర్మామీటర్ ముంచితే 11 డిగ్రీలు. ఒక బండ వెనక చిన్న మడుగు, బల్ల అంత. దానికీ మాకూ మధ్య మూడు రకాల నీళ్ళు: దగ్గర్లో జోరుగా పారే పాయ, దాని అవతల వెనక్కి తిరిగే సుడి, ఆ తర్వాత నిదానంగా కదిలే మడుగు. మామూలు ఫ్లై రాడ్‌తో విసిరితే దారం ముందు జోరు పాయ మీద పడుతుంది, పాయ దారాన్ని లాక్కుపోతుంది, దారం వెనకాల ఫ్లై నీటి మీద గీత గీసుకుంటూ పోతుంది. నిజం పురుగు అలా ఈదదు, ట్రౌట్‌కి ఆ సంగతి మనకన్నా బాగా తెలుసు. టెంకారాతో ఏమవుతుందంటే, పన్నెండు అడుగుల కర్రని చాచి పైకి ఎత్తి పట్టుకుంటే దారం మొత్తం గాల్లోనే ఉంటుంది, నీటిని తాకేది ఫ్లై ఒక్కటే. మడుగు ఎంత నిదానంగా కదిలితే అదీ అంతే నిదానంగా కదులుతుంది. ఈ ఒక్క పని కోసమే ఈ రాడ్ కొనాలి.

ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలబడుతుంది, అందుకని కింద నుంచి పైకి, దాని వెనక వైపు నుంచి వెళ్ళాలి. గైడ్ నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. నాలుగోసారి వేసినప్పుడు ఫ్లై బండ అంచు దాటి రెండు సెకన్లు ఆగినట్టయింది, దాని కింద పసుపచ్చగా ఏదో తిరిగింది, గైడ్ "ఉఠావో సాబ్" అనేలోపే చెయ్యి దానంతటదే లేచింది. కర్ర సగం దాకా వంగింది. రీలు లేకపోవడం వల్ల చేప కొట్టే ప్రతి దెబ్బా నేరుగా అరచేతికి వస్తుంది, చిన్నప్పుడు మామయ్య కర్ర నా చేతికిచ్చినప్పుడు జెల్ల కొట్టిన దెబ్బ లాంటిదే. చేప జానెడు కన్నా కొంచెం పొడవుంటుంది. పొట్ట వెన్న రంగు, పక్కన ఎర్ర చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ లేత రంగు వలయం. చేతులు తడుపుకునే పట్టుకున్నాను, పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర ఊడిపోయి తర్వాత జబ్బు పడుతుంది. కొక్కెం మొన వెనక ఉండే చిన్న ఎదురుముల్లుని ముందే ప్లయర్‌తో నొక్కేశాను కాబట్టి ఒక్క తిప్పుకి ఊడింది. తల ప్రవాహం వైపు పెట్టి నీళ్ళలో పట్టుకుంటే మొప్పలు నాలుగైదుసార్లు ఆడాయి, తోక ఒక్కసారి విదిల్చి వెళ్ళిపోయింది.

అదే రాడ్ పెద్ద నది మీద చాలదు. నాలుగో రోజు గుశైణి దగ్గర తీర్థన్ మీదే వేశాను. పెద్ద చేప పడింది, ఎంత పెద్దదో చూడలేదు. అది ప్రవాహంతో కిందకి పరుగెత్తితే వదలడానికి దారం లేదు, దాని వెంట నేను పరుగెత్తాలి, ఆ బండల మీద అది కుదరదు. టిప్పెట్ తెగింది. టిప్పెట్ అంటే ఫ్లై ముందు కట్టే సన్న తంగూసు, నేను వాడింది 5ఎక్స్, మందం 0.15 మిల్లీమీటర్లు. కర్ర కొస విరగకుండా ముందు అది తెగాలనే అంత సన్నది కడతారు. గాలి గట్టిగా ఉన్నప్పుడు కూడా ఇబ్బందే, తేలిక దారం ఎటో పోతుంది. పెద్ద నది, పెద్ద చేప కావాలంటే రీలున్న రాడ్ కొనుక్కోండి. ఇంకొకటి, కార్బన్‌లో కరెంటు పారుతుంది, కొండల్లో ఉరుము వినబడగానే కర్ర మడిచేయండి, ఇంకో ఐదు నిమిషాలు చూద్దామని ఆగకండి.

ఇక అసలు బాధ. ఐదో రోజు సాయంత్రం మడవబోతే మూడో గొట్టం ఇరుక్కుపోయింది. తడి, సన్న ఇసుక, పైగా పొద్దుటి నుంచి వాడకం. చలికి వేళ్ళు పట్టు ఇవ్వక గట్టిగా మెలితిప్పి లాగాను, వెంట్రుకంత చీలిక వచ్చింది. ఆరో రోజు దాని మీద ప్లాస్టర్ చుట్టి నడిపించాను. అలా మెలితిప్పకూడదని తర్వాత గైడ్ చెప్పాడు: సైకిల్ ట్యూబు ముక్కతో పట్టుకుని, రెండు చేతులూ అతుకుకి దగ్గరగా పెట్టి తిన్నగా లాగాలి. తెరిచేటప్పుడు కొస నుంచి మొదలుపెట్టాలి, మడిచేటప్పుడు పిడి దగ్గరి లావు గొట్టం నుంచి. ఈ రెండు ముక్కలు అమ్మినవాళ్ళు చెప్పి ఉంటే బాగుండేది.

షాపు విషయంలో నాకు కోపం ఉంది. కొనేటప్పుడు "స్పేర్ ముక్కలు ఎప్పుడూ ఉంటాయి సార్, టెన్షన్ పడకండి" అన్నారు. తిరిగొచ్చి అడిగితే ఆర్డర్ పెట్టాలన్నారు, అడ్వాన్సు తీసుకున్నారు, ఏడు వారాలు పట్టింది, మధ్యలో ఫోన్ ఎత్తడం మానేశారు, నేను రెండుసార్లు ట్రాఫిక్‌లో పడి వెళ్ళి అడగాల్సి వచ్చింది. వాళ్ళిచ్చిన దారం కూడా పాత స్టాకు, చుట్ట విప్పితే స్ప్రింగులా నిలబడేది, ముడి దగ్గర రెండుసార్లు తెగింది. కొనేముందు దారం విప్పి చూపించమనండి, రెండు చేతులతో సాగదీసి వదిలితే తిన్నగా ఉండాలి. రాడ్ కొన్న రోజే రెండో, మూడో గొట్టాలు స్పేర్ తీసి ఇస్తేనే డబ్బు కట్టండి.

రాడ్‌కి ఐదుకి నాలుగున్నర, షాపుకి రెండు. చిన్న వాగులు ఎక్కి దిగే ఓపిక ఉండి, పట్టిన చేపని వదిలేయడానికి మనసొప్పేవాళ్ళకి ఇంతకన్నా మంచి సాధనం నేను చూడలేదు.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు కొత్త గొట్టం వేసిన రాడ్ మామయ్యకి చూపించాను. డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. పూర్తిగా లాగి, గాల్లో రెండుసార్లు ఊపి, కొస వంపు చూసి, "బెండు ఏదిరా దీనికి?" అన్నాడు. బెండు ఉండదు, ఫ్లైనే చూస్తూ ఉండాలి మామయ్యా అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పెరట్లోకి వెళ్ళి పుంజు మెడ ఈకలు నాలుగు ఏరుకొచ్చి, వీటితో కట్టుకోవచ్చేమో చూడు అని నా చేతిలో పెట్టాడు. కట్టాను, రెండు బాగా వచ్చాయి. మార్చిలో వాగు తెరిచాక ముందు వేసేవి అవే.