గొంతు విని గుండె జబ్బు చెప్పే యాప్: డబ్బు కట్టకండి

పేరు రాయను, కేసు పెడతామని ఇప్పటికే బెదిరించారు. రీల్స్ తెరిస్తే చాలు ఎదురొచ్చే యాప్ అదే, మీకు తెలుసు. "రోజూ ఫోన్‌లో మాట్లాడితే చాలు, ఊపిరితిత్తుల్లో నీరు చేరకముందే చెప్పేస్తాం" అంటారు. నాన్నకు గుండె పంపింగ్ 30 శాతం. ఆయన భీమవరంలో, నేను హైదరాబాద్‌లో. ఏడాది ప్లాన్ ఒకేసారి కట్టేశాను. పెద్ద తెలివైనవాణ్ణి కదా, డిస్కౌంట్ వదులుతానా!

నాన్న రోజూ పొద్దున్నే "ఆ..." అని సాగదీసేవారు, వాళ్లిచ్చిన నాలుగు వాక్యాలు చదివేవారు. నాకు పచ్చ టిక్కు వచ్చేది. రాత్రిళ్లు పడుకోలేక కుర్చీలో కూర్చునే నిద్రపోతున్నారని అమ్మ చెప్పిన రోజు కూడా పచ్చ టిక్కే. ఆ మర్నాడే ఆయాసంతో ఐసీయూలో చేరారు. ఇప్పుడు పర్లేదు, వార్డులోకి మార్చారు.

ఆసుపత్రి కారిడార్ నుంచే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి తాపీగా, "మీ ఫాదర్ గారు 'ఆ' అని సరిగ్గా అని ఉండరు సార్" అంది. ఊపిరాడని మనిషి 'ఆ' సరిగ్గా అనాలట! ఇంకా గట్టిగా అడిగితే సిస్టమ్ చూసి, "బేస్ వాయిస్‌తో పోలిస్తే తేడా లేదు సార్, అందుకే గ్రీన్ వచ్చింది" అంది. ఆ బేస్ వాయిస్, అంటే పోల్చడానికి పెట్టుకున్న మొదటి రికార్డింగు, ఎప్పుడు తీశారు? డబ్బు కట్టిన రోజే. అప్పటికే కాళ్లు వాచి ఉన్నాయి, వాపు ఉందని ఫారంలో నేనే రాశాను. "నీరున్న గొంతును నీరున్న గొంతుతోనే పోలిస్తే తేడా ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా?" అన్నాను. కాసేపు మౌనం. తర్వాత, "మాది వెల్‌నెస్ యాప్ మాత్రమే సార్, టర్మ్స్‌లో క్లియర్‌గా ఉంది, చదువుకోవాల్సింది మీరే కదా" అని చెప్పి, రీఫండ్ లేదు గానీ ప్లాన్ మూడు నెలలు పొడిగిస్తామంది. మా నాన్న ఐసీయూకి వెళ్లినందుకు బోనస్ అన్నమాట!

గొంతు విని నీరు పసిగట్టే విద్య మొత్తం బూటకమని నేను అనను. ఇజ్రాయెల్‌లో గుండె జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరిన 40 మంది గొంతును చేరినప్పుడు ఒకసారి, నీరు తగ్గి ఇంటికెళ్లేటప్పుడు ఒకసారి రికార్డు చేసి పోల్చారు. తేడా కనిపించింది. 2022లో పేపర్ కూడా వచ్చింది. మన యాప్ వాళ్లు యాడ్‌లో చూపించేది అలాంటి పరిశోధననే. కానీ అక్కడ ఒంట్లో నీరు ఎప్పుడుంది, ఎప్పుడు తగ్గింది అనేది డాక్టర్లకు తెలుసు. ఇక్కడ డాక్టరూ లేడు, అడిగేవాడూ లేడు. పేమెంట్ సక్సెస్ అయితే బేస్ రెడీ.

ఇలాంటివి ఎవరైనా అమ్మజూపితే సీడీఎస్‌సీఓ (మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) లైసెన్సు నంబర్ అడగండి. 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో జబ్బు కనిపెడతామనే సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరం కిందికే వస్తుంది. నేను అడిగితే ఫోన్ పెట్టేశారు.

ఇంట్లో గుండె పేషెంట్ ఉంటే బరువు తూచే మిషన్ కొనండి. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు తూచి రాసుకోవాలి. 3 రోజుల్లో 2 కిలోలు దాటి పెరిగితే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. పడుకుంటే ఊపిరాడక దిండ్లు ఎక్కువ వేసుకుంటున్నా, కాళ్లు వాచినా అంతే. వార్డులో నర్సు చెప్పిందే ఇదంతా, ఉచితంగా.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. మీరూ కట్టి ఉంటే ముందు యూపీఐలో ఆటోపే ఆపేయండి, మీవాళ్ల గొంతు రికార్డింగులు తీసేయమని మెయిల్ పెట్టండి. పాత యాడ్‌ల స్క్రీన్‌షాట్లు ఇప్పుడే దాచుకోండి. నిన్నటి నుంచి ఒక్కొక్కటీ మాయమవుతున్నాయి.