లూసీ, ఆర్డీ: నడక పుట్టుకకు ఎవరి సాక్ష్యం గట్టిది?

లూసీ, ఆర్డీ రెండూ ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో దొరికిన, మనిషి ప్రాచీన బంధుజాతుల స్త్రీ అస్థిపంజరాలే. 1974లో హదార్ వద్ద బయటపడిన లూసీ సుమారు 32 లక్షల ఏళ్ల నాటిది; ఆమె కటి ఎముక, మోకాలి వైపు ఏటవాలుగా దిగే తొడ ఎముక రెండు కాళ్ల నడకను నిస్సందేహంగా చూపుతుండగా, ఆమె జాతి మెదడు చింపాంజీ మెదడు కంటే కాస్త మాత్రమే పెద్దది కనుక, నడక ముందు, పెద్ద మెదడు తరువాత అన్న క్రమం బలపడింది. రుజువుగా లూసీదే పైచేయి.

అయితే నడక ఎలా మొదలైందన్న ప్రశ్నకు 44 లక్షల ఏళ్ల నాటి ఆర్డీయే, నా దృష్టిలో, ఆసక్తికరమైన సాక్షి. ఆమె కాలి బొటనవేలు కొమ్మలను పట్టుకునేలా పక్కకు విడివడి ఉంది. ఆమె బయటపడిన అరామిస్‌లో దొరికిన ఇతర శిలాజాలను బట్టి, 2009లో వివరాలు ప్రకటించిన పరిశోధకులు ఆమెది చెట్లున్న ప్రదేశమన్నారు. గడ్డిమైదానాలే మనిషిని నిలబెట్టాయన్న పాత వాదానికి ఇది ఎదురు. ఆమె కటి ఎముక నలిగిపోయి దొరికినందున, దాని పునర్నిర్మాణంపై, అందువల్ల ఆమె నడక తీరుపై, వివాదం మాత్రం తెగలేదు.